బడి పిల్లల విజ్ఞాన యాత్రలు: టీచర్లు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

దసరా సెలవులు అయిపోయి బడులు తెరిచారంటే టూర్ మాట మొదలవుతుంది. స్టాఫ్ రూమ్‌లో తోటి టీచర్లు, గేటు దగ్గర తల్లిదండ్రులు ఏటా ఇంచుమించు అవే సందేహాలు అడుగుతుంటారు. వాటన్నిటినీ ఒకచోట చేర్చి జవాబులు రాశాను. వరసగా చదవాల్సిన పని లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడులను దృష్టిలో పెట్టుకుని రాసినవి ఇవి. ఆరు నుంచి పదో తరగతి పిల్లలకు ఎక్కువగా పనికొస్తాయి.

## టూర్ అనుకున్నప్పుడు

టూర్ అంటే సరదాయే కదా, దానికీ చదువుకీ ఏం సంబంధం?

సరదా ఉంటుంది, ఉండాలి కూడా. కానీ ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కని సంగతి ఒక్కసారి చూస్తే ఎక్కేస్తుంది. 'మడ అడవులు తుపానుల నుంచి తీరాన్ని కాపాడతాయి' అన్న వాక్యం మన పిల్లలందరికీ నోటికి వచ్చు. వాళ్లను కాకినాడ దగ్గర కోరంగి అభయారణ్యంలో చెక్క వంతెన మీద నడిపించండి. పోటు తగ్గిన వేళ బురదలోంచి వేల కొద్దీ సన్నటి వేళ్లు పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచి కనిపిస్తాయి. "వేళ్లు కిందికి పోవాలి కదా, ఇవి పైకెందుకు వచ్చాయి?" అని ఎవరో ఒకరు అడిగి తీరతారు. ఆ బురదలో గాలి ఆడదని, అందుకే మడచెట్టు వేళ్లను పైకి పంపి ఊపిరి తీసుకుంటుందని ఆ నిమిషంలో చెప్పాలి. అల వచ్చి ఆ వేళ్ల గుబురులో పడి నెమ్మదించడం కళ్లారా చూశాక తీరాన్ని కాపాడటమంటే ఏమిటో ఇంక వేరే వివరించక్కర్లేదు.

పర్యావరణాన్ని అన్ని స్థాయుల్లోనూ తప్పనిసరిగా బోధించాలని సుప్రీంకోర్టు 1991లోనే ఎం.సి. మెహతా కేసులో చెప్పింది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి చదివే కాలంలో పిల్లలకు 10 రోజులు బ్యాగు లేని రోజులు ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం సూచించింది. రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చూడండి: మన సంస్కృతి వారసత్వాన్ని కాపాడుకోవడం, అడవులను, చెరువులను, నదులను, వన్యప్రాణులను రక్షించడం, ప్రజల ఆస్తిని పాడు చేయకుండా ఉండటం పౌరుల విధులని రాశారు. ఈ మూడూ ఒకే రోజున చేసి చూడగలిగే అవకాశం బడి టూర్‌లో దొరుకుతుంది.

ఏ తరగతి నుంచి తీసుకెళ్లొచ్చు?

ఒకటో తరగతి నుంచే తీసుకెళ్లొచ్చు, దూరం మాత్రం తగ్గించాలి. అయిదో తరగతి లోపు పిల్లలకు ఊరి చెరువు, పోస్టాఫీసు, కుమ్మరి ఇల్లు, పాల కేంద్రం చాలు. ఆరు, ఏడు తరగతులకు పొద్దున బయల్దేరి చీకటి పడేలోపు ఇల్లు చేరే టూర్ సరిపోతుంది. రాత్రి బస ఎనిమిదో తరగతి దాటిన పిల్లలకే పెట్టుకోండి.

మా దగ్గర్లో చూడటానికి ఏముందండీ? అన్నీ హైదరాబాద్, వైజాగ్‌లలోనే కదా?

ఈ ప్రశ్న విన్నప్పుడల్లా బాధేస్తుంది. మన రెండు రాష్ట్రాల్లో ఏ బడికైనా రెండు మూడు గంటల దూరంలో చూసి తీరాల్సిన చోటు ఒకటైనా ఉంటుంది.

శ్రీకాకుళం వైపు వాళ్లకు టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉంది. గూడబాతులు ఏటా ఆ ఊరి చెట్ల మీదికి వచ్చి గూళ్లు కట్టుకుంటాయి, ఊరివాళ్లే వాటిని కాపాడుకుంటారు. విశాఖ వైపు తొట్లకొండ బౌద్ధ క్షేత్రం, అరకు గిరిజన మ్యూజియం ఉన్నాయి. ఏటికొప్పాకలో లక్క బొమ్మలు తయారయ్యే తీరు చూడొచ్చు. గోదావరి జిల్లాలకు కోరంగి. కృష్ణా, గుంటూరు, ఏలూరు వాళ్లకు కొండపల్లి, అమరావతి, ఉప్పలపాడు పక్షుల చెరువు, కైకలూరు దగ్గర ఆటపాక ఉన్నాయి. ఆటపాక కొల్లేరులో భాగం. కొల్లేరుకు 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, అంటే ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల్లో అదొకటి. నెల్లూరు, తిరుపతి వాళ్లకు నేలపట్టు పక్షుల కేంద్రం, పులికాట్ సరస్సు. రాయలసీమలో లేపాక్షి, కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను, బెలుం గుహలు. బెలుం మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో కొంత భాగాన్నే చూడనిస్తారు, మన పిల్లలకు అదే ఎక్కువ.

తెలంగాణలో ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడి నా లెక్కలో మొదటిది. పోచంపల్లిలో మగ్గాలున్నాయి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే భూదానోద్యమం మొదలుపెట్టిందీ అక్కడే. ఆసిఫాబాద్ వైపు కొమురం భీం పోరాడిన జోడేఘాట్, మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రి, నల్గొండ వైపు నాగార్జునసాగర్.

ఇవేవీ కుదరకపోతే మీ మండలంలోని చెరువే తీసుకోండి. తూము, అలుగు, కట్ట, ఆయకట్టు చూపించి, చెరువు కింద సాగు చేసే రైతు చేత మాట్లాడించండి. అది తక్కువ రకం టూర్ కాదు.

పిల్లలు వాటర్ పార్కే కావాలంటున్నారు. ఏం చేయాలి?

వెళ్లాలనిపిస్తే అదీ వెళ్లండి, పిల్లలకు ఆటా కావాలి. కాకపోతే దాన్ని విజ్ఞాన యాత్ర అని రాసి తల్లిదండ్రుల దగ్గర డబ్బు తీసుకోకండి. ఏడాదికి ఒక్క టూరే చేయగలిగితే మాత్రం పిల్లలు ఇంట్లోవాళ్లతో ఎప్పటికీ వెళ్లలేని చోటు ఎంచుకోండి. పార్కుకు మేనమామైనా తీసుకెళ్తాడు. కొల్లేరు పక్షులను టెలిస్కోప్‌లో చూపించి వాటి కథ చెప్పేవాళ్లు ఇంట్లో దొరకరు.

బస్సు ఎలాగూ మాట్లాడుకున్నాం, ఒకే రోజు నాలుగైదు చోట్లు చుట్టేస్తే డబ్బు కలిసొస్తుంది కదా?

కలిసి రాదండి. నాలుగు చోట్లు పెట్టుకుంటే పిల్లలకు గుర్తుండేది బస్సు ఎక్కడం, దిగడం, "త్వరగా రండి" అన్న టీచర్ కేకలు. ఒక్క చోటు చాలు, పక్కపక్కనే ఉంటే రెండు.

నాగార్జునసాగర్ సంగతే చూడండి. 1955 డిసెంబరు 10న ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. లోయంతా మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిపారు. ఇక్ష్వాకుల కాలం నాటి బౌద్ధ కట్టడాలను, శిల్పాలను బయటికి తీసి కొన్నిటిని కొండ మీదికీ కొన్నిటిని జలాశయం ఒడ్డునున్న అనుపుకీ చేర్చారు. ఇప్పుడు దీవిగా మారిన ఆ కొండ మీద 1966 నుంచి మ్యూజియం ఉంది. లాంచీ కోసం ఆగడానికీ, నీళ్ల మీద వెళ్లి రావడానికీ, మ్యూజియం చూడటానికీ సగం రోజు పడుతుంది. భోజనం చేసి అనుపు వెళ్తే పొద్దు గూకుతుంది. లక్షల ఎకరాలకు నీళ్లివ్వడం కోసం ఒక పాత నగరాన్ని నీళ్లకు వదిలేశారు, అది సరైన పనేనా? ఈ ఒక్క ప్రశ్న మీద పిల్లలు లాంచీలో కూర్చుని వాదించుకోవాలి. అందుకు తీరిక కావాలి. సాగర్‌తో పాటు ఎత్తిపోతల జలపాతం, ఇంకో గుడి, దారిలో ఇంకో పార్కు అని కలిపితే ఆ తీరిక పోతుంది.

ఏ నెలలో పెట్టుకుంటే మంచిది?

నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా. ఎండ ఉండదు, పక్షులుంటాయి, పదో తరగతికి పరీక్షల టెన్షన్ ఇంకా పూర్తిగా మొదలవ్వదు. కోస్తాలో నవంబరు తుపానుల నెల కాబట్టి తేదీ మార్చుకునే వీలు ఉంచుకోండి. వారం కూడా చూసుకోవాలి. హైదరాబాద్ జూ సోమవారం మూసి ఉంటుంది. సాలార్‌జంగ్ మ్యూజియానికీ, కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియాలకూ శుక్రవారం సెలవు. వంద కిలోమీటర్లు వెళ్లి మూసిన గేటు చూసి వెనక్కి రావడం కంటే బయల్దేరే ముందు ఒక ఫోన్ చేయడం తేలిక.

## అనుమతులు, డబ్బు, బస్సు

ఎవరెవరి అనుమతి కావాలి?

ప్రభుత్వ బడి అయితే హెచ్‌ఎం ద్వారా మండల, జిల్లా విద్యాధికారుల (ఎంఈఓ, డీఈఓ) ఆఫీసులకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టాలి. ఎక్కడికి, ఎప్పుడు, ఎంతమంది పిల్లలు, వెంట వచ్చే టీచర్ల పేర్లు, బస్సు వివరాలు అన్నీ రాయండి. ప్రైవేటు బడి అయినా ఈ కాగితాలన్నీ సిద్ధంగా ఉంచుకోవడం మంచిది. అభయారణ్యానికి వెళ్లేటట్టయితే అక్కడి అటవీ రేంజి ఆఫీసుకు ముందే ఉత్తరం పెట్టండి. అడిగితే చాలా చోట్ల వాళ్ల సిబ్బందే తోడు వచ్చి చూపిస్తారు. కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో 15 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు.

తల్లిదండ్రుల అంగీకార పత్రం ప్రతి పిల్లకూ, పిల్లాడికీ ఉండాలి. 'ఏం జరిగినా బడికి బాధ్యత లేదు' అని రాయించుకునే పత్రాలు కొన్ని చోట్ల చూస్తుంటాను. అలాంటి మాట రాయించుకోవడం సరికాదు. పిల్లలు మన చేతుల్లో ఉన్నంతసేపు బాధ్యత మనదే. ఆ కాగితంలో ఉండాల్సినవి వేరే: బయల్దేరే వేళ, తిరిగొచ్చే వేళ, తిండి ఏర్పాటు, పిల్లల జబ్బులు, పడని మందులు, ఎప్పుడు చేసినా ఎత్తే రెండు ఫోన్ నంబర్లు.

డబ్బు కట్టలేని పిల్లల సంగతేంటి?

వాళ్లు రాకపోతే ఆ టూర్ తరగతిది కాదు, డబ్బున్న వాళ్లది. అంచనా వేసేటప్పుడే ప్రతి పది మందిలో ఒకరిద్దరు కట్టలేరనుకుని లెక్క వేసుకోండి. ఆ లోటును పూర్వ విద్యార్థులో, ఊరి పెద్దలో భర్తీ చేస్తారు, అడగాలంతే. ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో తరగతిలో చదవకండి, బోర్డు మీద రాయకండి. డబ్బు విడిగా, కవరులో తీసుకోవాలి. టూర్‌కి రానని చెప్పిన పిల్లల్లో చాలామంది ఇంట్లో అడగలేక అలా చెప్పినవాళ్లే. "నాకు టూర్లంటే ఇష్టం లేదు మేడమ్" అని తల వంచుకుని చెప్పే అమ్మాయిని ఇంకోసారి పక్కకు పిలిచి మాట్లాడండి.

ఆర్టీసీ బస్సు మాట్లాడుకోవాలా, ప్రైవేటు బస్సా?

నా ఓటు ఆర్టీసీకే. రెండు రాష్ట్రాల ఆర్టీసీలూ అద్దెకు బస్సులిస్తాయి, దగ్గర్లోని డిపోలో అడిగితే వివరాలు చెబుతారు. ప్రైవేటు బస్సయితే ఫిట్‌నెస్, పర్మిట్, ఇన్సూరెన్స్, డ్రైవర్ లైసెన్సు ఫోటోలు ముందే తెప్పించుకోండి. వచ్చిన బస్సు నంబరూ కాగితాల్లోని నంబరూ ఒకటేనా అని బయల్దేరే ముందు చూడండి. అత్యవసర ద్వారం తెరిపించి చూడాలి, దాని ముందు సామాన్లు పెట్టనివ్వకూడదు. ఇద్దరి సీట్లో ముగ్గుర్ని కుక్కొద్దు. రాత్రంతా నడిపి పొద్దున్నే చేరే ప్లాను అసలే వద్దు. డ్రైవర్ నిద్రను తగ్గించి మనం మిగుల్చుకునే డబ్బు మనకు వద్దు.

అమ్మాయిని పంపాలంటే భయంగా ఉంది. నమ్మి ఎలా పంపేది?

మీ భయాన్ని ఎవరూ కొట్టిపారేయకూడదు. బడిని సూటిగా ఇవి అడగండి. వెంట ఎంతమంది ఆడ టీచర్లు వస్తున్నారు? దారిలో ఏ ఏ చోట్ల ఆపుతారు, అక్కడ మరుగుదొడ్లు ఎలా ఉంటాయో ఎవరైనా ముందు చూసొచ్చారా? రాత్రి బస ఉంటే అమ్మాయిల గదులు ఒకే వరసలో ఉన్నాయా, వాటి పక్క గదిలో ఎవరు పడుకుంటారు? వీటికి బడి తడుముకోకుండా జవాబు చెబితే నిశ్చింతగా పంపండి. చెప్పలేకపోతే వాళ్లు ఏర్పాట్లు చేసేదాకా ఒప్పుకోకండి.

టీచర్లకు ఒక మాట. దారిలో మరుగుదొడ్లు ఉండవేమోనని అమ్మాయిలు పొద్దుట్నుంచీ నీళ్లు తాగడం మానేస్తారు. మధ్యాహ్నానికి తలనొప్పి, కళ్లు తిరగడం అందువల్లే. ప్రతి రెండు గంటలకు శుభ్రమైన చోట బస్సు ఆగుతుందని ముందు రోజే తరగతిలో చెప్పేయండి. శానిటరీ ప్యాడ్లు, పాత న్యూస్ పేపర్లు, ఒక జత అదనపు బట్టలు ఆడ టీచర్ దగ్గర ఉండాలి. ఎవరి దగ్గర ఉన్నాయో అమ్మాయిలందరికీ తెలియాలి, అడగడానికి సిగ్గుపడే అవసరం రాకుండా.

మా అబ్బాయికి ఆస్తమా. వీల్‌చైర్‌లో ఉన్న పాపను కూడా తీసుకెళ్తారా?

తీసుకెళ్లాలి, చోటు ఎంచుకునే ముందే వాళ్లను లెక్కలో పెట్టుకోవాలి. బెలుం గుహల్లాంటి చోట లోపల ఉక్కపోతగా ఉంటుంది, మెట్లుంటాయి, ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్లకు కష్టం. అక్కడికి వెళ్లి ఆ ఒక్కడిని బయట కూర్చోబెట్టడం కంటే వేరే చోటు చూసుకోవడం న్యాయం. ఇన్‌హేలర్, ఫిట్స్ మందుల్లాంటివి పిల్లల బ్యాగులో ఒకటి, టీచర్ దగ్గర ఒకటి ఉండాలి. డాక్టర్ చీటీ కాపీ జత చేయండి.

## వెళ్లే ముందు తరగతిలో

ముందుగా పాఠం చెప్పి తీసుకెళ్లాలా, చూశాక చెప్పాలా?

ముందు ప్రశ్న ఇవ్వండి, జవాబు అక్కడ వెతుక్కోనివ్వండి. రామప్పకు వెళ్తుంటే శాసనాలు, రాజుల పేర్లు బట్టీ పట్టించొద్దు. గుడి 1213లో కట్టారని, గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడని, 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిందని చెబితే చాలు. తర్వాత ఒక ప్రశ్న: "అంత బరువైన రాతి గుడి మీద శిఖరం బరువు పడకూడదంటే మీరైతే ఏం చేస్తారు?" వాళ్లు రకరకాలుగా చెబుతారు. నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలతో శిఖరం కట్టారని అక్కడ తెలిసినప్పుడు వాళ్ల మొహాలు చూడాలి మీరు. అదే ఊళ్లో కాకతీయుల నాటి రామప్ప చెరువు ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తోంది. గుడి కట్టినవాళ్లే పక్కన చెరువెందుకు తవ్వించారన్నది రెండో ప్రశ్న.

పిల్లలకు బాధ్యత నేర్పడమంటే ఏం చేయాలి? క్రమశిక్షణగా ఉండమంటే చాలా?

చాలదు. బాధ్యత మాటల్లో కాకుండా పనిలో ఇవ్వాలి. ఎనిమిది మందిని ఒక జట్టు చేసి ప్రతి ఒక్కరికీ ఒక పని అప్పగించండి. ఒకరు బస్సు ఎక్కిన ప్రతిసారీ తలలు లెక్కపెడతారు, ఒకరు నీళ్ల క్యాన్ చూసుకుంటారు, ఒకరు చెత్త సంచి మోస్తారు, ఒకరు వేళ చూస్తారు, ఒకరు రాసుకుంటారు, ఒకరు బొమ్మలు గీస్తారు, ఒకరు ఫస్ట్ ఎయిడ్ పెట్టె పట్టుకుంటారు, మిగిలినవారు అక్కడ మాట్లాడే పెద్దమనిషికి నమస్కారం పెట్టి ధన్యవాదాలు చెబుతారు. చదువులో వెనకబడిన పిల్లాడికి తలలు లెక్కపెట్టే పని ఇచ్చి చూడండి. వాడి లెక్క సరిపోయేదాకా బస్సు కదలదని డ్రైవర్‌కి చెప్పండి, మాట నిలబెట్టుకోండి.

బ్యాగులో ఏం పెట్టి పంపాలి?

నీళ్ల సీసా, టోపీ, పాత నోటుపుస్తకం, రెండు పెన్సిళ్లు, ఒక తువ్వాలు, నడవడానికి అలవాటైన చెప్పులు లేదా బూట్లు. కొత్త బూట్లు ఆ రోజే తొడగొద్దు, మధ్యాహ్నానికి మడమలు బొబ్బలెక్కుతాయి. పక్షుల దగ్గరికైతే ఎరుపు, తెలుపు బట్టలు కాకుండా ఆకుపచ్చ, మట్టి రంగువి వేయండి. నగలు వద్దు. ఖర్చుకు డబ్బు ఎంత తెచ్చుకోవచ్చో బడి ఒక హద్దు పెట్టి అందరికీ ఒకేలా చెప్పాలి.

ఫోన్ ఇచ్చి పంపొచ్చా?

వద్దు. ఫోన్ ఉంటే పిల్లలు చూసేది తమ మొహాన్నే. టీచర్లు వేళకు వేళకు తల్లిదండ్రుల గ్రూపులో "చేరుకున్నాం", "భోజనాలయ్యాయి", "బయల్దేరాం" అని పెడితే ఇంట్లోవాళ్ల టెన్షన్ తగ్గుతుంది. ఫోటోలు జట్టుకు ఒకరు, టీచర్ ఫోన్‌తో తీస్తే సరి.

టీచర్ ముందుగా వెళ్లి చూసి రావాలా?

రావాలి. మరుగుదొడ్లు, తాగునీళ్లు, నీడ, దగ్గరి ఆసుపత్రి, బస్సు ఆపే చోటు, పడిపోయే ప్రమాదమున్న చోట్లు చూసుకోవాలి. అక్కడి వాచ్‌మన్‌తోనో పడవ సరంగుతోనో పరిచయం చేసుకోండి. ఆ పరిచయం వల్లే పిల్లలకు మంచి కథలు దొరుకుతాయి.

## దారిలో, అక్కడికి చేరాక

బస్సులో వాంతులు చేసుకునే పిల్లలను ఏం చేయాలి?

ముందు సీట్లలో, కిటికీ పక్కన కూర్చోబెట్టండి. పొద్దున ఇడ్లీ లాంటి తేలికైనది తినిపించాలి, పూరీలు వద్దు. కవర్లు అందుబాటులో ఉంచండి. నవ్వే పిల్లలను వెంటనే ఆపాలి, ఎందుకంటే ఆ నవ్వుకు భయపడే కొందరు మరుసటి ఏడాది రారు.

ఒక పిల్లాడు తప్పిపోతే?

మిగిలిన పిల్లలందరినీ ఒకచోట కూర్చోబెట్టి ఇద్దరు పెద్దలను అక్కడే ఉంచండి. ఒకరు చివరిసారి కనిపించిన చోటుకు, ఒకరు గేటు దగ్గరికి పరుగెత్తాలి. అక్కడి సిబ్బందికి చెప్పి మైకులో పిలిపించండి. కాసేపట్లో కనిపించకపోతే 112కు చేయండి, పిల్లల సహాయానికి 1098 కూడా ఉంది. పిల్లలకు ముందే నేర్పాల్సింది ఒకటే: "తప్పిపోయావని తెలిసిన క్షణంలో ఉన్నచోటే నిలబడు, మేం వస్తాం." మెడలో వేసే కార్డు మీద బడి నంబరు, టీచర్ నంబరు ఉండాలి.

నది దగ్గర కాసేపు నీళ్లలో దిగనివ్వొచ్చా? పిల్లలు బతిమాలుతున్నారు.

వద్దు. మోకాలి లోతు కూడా వద్దు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది రాళ్ల మీద నిలబడి ఫోటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఎగువన లార్జి డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు, చూస్తుండగానే నది పెరిగిపోయింది. వాళ్లంతా పెద్ద పిల్లలు. మన కృష్ణా, గోదావరుల మీద కూడా ఆనకట్టలున్నాయి, ఇసుక తవ్విన గుంతలున్నాయి, పైకి ప్రశాంతంగా కనిపించే నీళ్ల కింద లోతు తెలియదు. పడవ ఎక్కితే ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉండాలి, బెల్టులు బిగించి ఉండాలి. జాకెట్లు చాలకపోతే రెండు విడతలుగా వెళ్లండి, ఆలస్యమైనా సరే. సముద్రం ఒడ్డున కూడా ఇదే పద్ధతి, తడి ఇసుక దాకానే.

భోజనాలు ఎలా? చెత్త ఎలా?

పులిహోర, పెరుగన్నం, చపాతీ ఇళ్ల నుంచే తెచ్చుకోమనండి, లేదా బడిలోనే వండించి పెద్ద డబ్బాల్లో తీసుకెళ్లండి. కార్తీక వనభోజనాలు మన పిల్లలకు కొత్త కాదు, ఉసిరి చెట్టు నీడన చాప వేసి అందరూ పంచుకుని తినడం వాళ్లకు తెలుసు. స్టీలు పళ్లెం, గ్లాసు ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లాలు, గ్లాసులు, చెంచాలు నిషేధమే, అయినా కట్టలు కట్టలు కనిపిస్తూనే ఉన్నాయి.

తిన్నాక చెత్తను అక్కడి కుండీలో వేసి చేతులు దులుపుకోకండి. అభయారణ్యాల కుండీలను కోతులు, కుక్కలు చిందరవందర చేస్తాయి. సంచిలో కట్టి బడికి తెచ్చేయండి. మరుసటి రోజు తరగతిలో తూచి, ఏది తడి, ఏది పొడి, ఏది ఎక్కడికి పోతుందో పిల్లల చేతే విడదీయించండి. చిప్స్ కవర్ల కుప్ప చూశాక ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

పక్షుల దగ్గర పిల్లలు అరుస్తారు కదా, ఎలా ఆపడం?

ఆపాలని చూడకండి, చూసే పని ఇవ్వండి. "ఈ చెట్టు మీద ఎన్ని గూళ్లు? ఒక్క గూడుకి పది నిమిషాల్లో ఎన్నిసార్లు మేత వచ్చింది?" అని అడిగితే వాళ్లంతట వాళ్లే గొంతు తగ్గిస్తారు. నేలపట్టులో గూడబాతులు నీళ్లలో నిలబడిన చెట్ల మీద గూళ్లు కడతాయి. పిల్లలకు తినిపించడానికి చేపల కోసం పులికాట్ దాకా వెళ్లొస్తాయి. పక్షుల రెట్ట కలిసిన ఆ చెరువు నీళ్లు పొలాలకు ఎరువులా పనిచేస్తాయని అక్కడి రైతులే చెబుతారు. ఊరికీ పక్షికీ ఉన్న ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని రైతు నోట వినిపించండి. గూళ్ల దగ్గర డ్రోన్లు, రాళ్లు విసరడం, చప్పట్లు కొట్టి పక్షుల్ని లేపడం కూడదు. బెదిరిన తల్లి ఎగిరిపోతే గుడ్ల మీదికి కాకి వస్తుంది.

మేం వేరే మతం వాళ్లం. గుడికి తీసుకెళ్తే మా పిల్ల ఏం చేయాలి?

చూడాలి, వినాలి, గౌరవంగా ఉండాలి. మొక్కడం, బొట్టు పెట్టించుకోవడం, ప్రసాదం తినడం పిల్ల ఇష్టం, ఇంటి ఇష్టం. టీచర్ బలవంతం చేయకూడదు, తోటి పిల్లలు వెటకారం చేస్తే ఊరుకోకూడదు. శిల్పం, కట్టడం, చరిత్ర అందరివీ. ఇదే పద్ధతి దర్గాకు, చర్చికి, బౌద్ధ స్తూపానికి వెళ్లినప్పుడూ ఉండాలి. ఈ సంగతి బయల్దేరే ముందే తల్లిదండ్రులతో మాట్లాడితే అక్కడ ఇబ్బంది రాదు.

కొండపల్లి లాంటి చోట కళాకారుల ఇళ్లకు వెళ్తే ఎలా మెలగాలి?

అది వాళ్ల ఇల్లు, పని చేసుకునే చోటు. అందుకే ముందుగా మాట్లాడుకుని, ఇరవై మంది చొప్పున వెళ్లండి. చూపించే మనిషికి ఆ పూట పని ఆగిపోతుంది కాబట్టి దానికి తగిన డబ్బు ఇవ్వాలి. ఫోటో తీసే ముందు అడగాలి. పిల్లల ముందు బొమ్మల ధర బేరమాడకండి.

ఏం చూపించాలంటే, తయారయ్యే వరస. తెల్లపొణికి కర్ర చేతికిచ్చి ఎంత తేలికగా ఉందో చూడమనండి. చేతులు, కాళ్లు విడివిడిగా చెక్కి చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో అతుకుతారు, ఆరాక నునుపు చేసి రంగులు వేస్తారు. ఆ చెట్టు అడవిలో తగ్గిపోతే బొమ్మ ఏమవుతుందని ఒక పిల్లాడు అడిగితే పర్యావరణం, సంస్కృతి రెండు వేర్వేరు పాఠాలు కావని వాళ్లకే అర్థమవుతుంది. పోచంపల్లిలోనూ అంతే. నేశాక రంగు అద్దరు, నేయకముందే నూలును గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. ఆ లెక్క తప్పితే చీర మీద పువ్వు చెదిరిపోతుంది. లెక్కల టీచర్‌ను వెంట తీసుకెళ్లండి.

పిల్లలు గోడల మీద పేర్లు చెక్కితే?

అక్కడికక్కడ ఆపి, ఆ గోడ వయసెంతో చెప్పండి. రక్షిత కట్టడాలను పాడు చేస్తే రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చని చట్టంలో ఉంది. పెద్దవాళ్లు చెక్కిన పేర్లు చుట్టూ కనిపిస్తుంటే పిల్లలకు అది తప్పనిపించదు. అందుకే లోపలికి వెళ్లే ముందే, ఆ గీతలు పడిన గోడ దగ్గరే నిలబడి మాట్లాడాలి.

## తిరిగి వచ్చాక

రిపోర్టు రాయమంటే అందరూ ఒకేలా రాస్తున్నారు. 'ఉదయం 6 గంటలకు బయల్దేరాము' అని.

అడిగే ప్రశ్న మారిస్తే రాత మారుతుంది. పడవ సరంగుకు ఉత్తరం రాయమనండి. చూసిన చోటు పటాన్ని గుర్తున్నంతవరకు గీయమనండి. అక్కడ విన్న ఒక మాట, ముక్కుకు తగిలిన ఒక వాసన, అర్థం కాని ఒక సంగతి రాయమనండి. కొందరు రాయలేరు కానీ చెప్పగలరు, వాళ్ల చేత ఏడో తరగతికి వెళ్లి చెప్పించండి. ఉత్తరాలను నిజంగా పోస్టు చేయాలి. కొల్లేరు ఒడ్డున ఉన్న మనిషికి మీ పిల్లల ఉత్తరాల కట్ట అందితే వచ్చే ఏడాది ఆయనే ఎదురొస్తాడు.

నేర్చుకున్నారని ఎలా తెలుస్తుంది? మార్కులు వేయాలా?

మార్కులు వద్దు. రెండు నెలలు ఆగి చూడండి. బడి చెట్టు మీద పిట్ట పేరు అడుగుతున్నారా, ఊరి చెరువులో చెత్త పోస్తుంటే ఇంట్లో మాట్లాడుతున్నారా, నీళ్ల క్యాన్ చూసుకున్న పిల్ల ఇప్పటికీ కొళాయి కట్టేస్తోందా? బడిలో జాతీయ హరిత దళం (పిల్లల పర్యావరణ క్లబ్బు) ఉంటే ఆ ఉత్సాహాన్ని దానికి కలపండి. ఫిబ్రవరిలో దేశమంతటా జరిగే పక్షుల లెక్కింపులో మీ బడి ఆవరణను చేర్చొచ్చు. పదిహేను నిమిషాలు నిలబడి లెక్కపెట్టడం ఎనిమిదో తరగతి పిల్లలకు చాలా తేలిక.

టూర్‌కి రాలేకపోయిన పిల్లలను ఏం చేయాలి?

ఆ రోజు వాళ్లను ఖాళీ తరగతిలో కూర్చోబెట్టొద్దు. అదే అంశం మీద ఊళ్లో చిన్న పని ఇవ్వండి. తరగతి మడ అడవికి వెళ్తే వీళ్లు ఊరి కాలువ గట్టు మీద ఏ చెట్లున్నాయో రాసుకురావాలి. రెండు జట్లూ మరుసటి రోజు ఒకరికొకరు చెప్పుకోవాలి. టూర్ ఫోటోలు గోడకు పెట్టేటప్పుడు వీళ్ల పని కూడా వాటి పక్కనే పెట్టండి.

డబ్బు మిగిలితే?

పిల్లల చేతే లెక్క రాయించి నోటీసు బోర్డు మీద పెట్టండి: వసూలైనది, డీజిల్, టికెట్లు, భోజనం, కళాకారులకు ఇచ్చింది, మిగిలింది. బిల్లులు జత చేయాలి. మిగిలినదాన్ని ఏం చేయాలో తరగతిలో ఓటు పెట్టండి. మా పిల్లలు ఒకసారి బైనాక్యులర్ కొందామన్నారు. అది ఇప్పుడు బడి లైబ్రరీలో ఉంటుంది, కావలసినవాళ్లు రిజిస్టర్‌లో సంతకం పెట్టి సాయంత్రం దాకా తీసుకెళ్లొచ్చు.